ఇంటి బల్లలో ఇనుపదారి

రైలుబండి పోవుచుండగా తల త్రిప్పి చూడనివారు అరుదు. మార్కాపురము, కంభము, గిద్దలూరు ప్రాంతములవారికి ఈ ప్రీతి మఱింత సహజము. గుంటూరునుండి నంద్యాలకు పోవు ఇనుపదారి దొనకొండ, గజ్జలకొండ దాటి, మార్కాపురము రోడ్డు, తర్లుపాడు, కంభము, గిద్దలూరు స్టేషనుల మీదుగా దిగువమెట్ట చేరి, అచ్చటనుండి నల్లమల అడవిలో ప్రవేశించును. ఈ దారిని చిన్న పరిమాణమున నిర్మించి ఇంట నుంచుకొనవలెనను కోరిక మన విద్యార్థులలో కొందఱకు కలదు. ఆ కోరికను ఇంటివారికి భారము కాని రీతిని ఎట్లు నెఱవేర్చుకొనవచ్చునో తెలుపుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

భారమను మాటను ఊరక వ్రాయలేదు. మన యిండ్లలో పెక్కింటికి ఆటలకై వేఱుగా గది లేదు. చదువు, భోజనము, నిద్ర, చుట్టముల మన్నన అన్నియు ఒకటి రెండు గదులలోనే జరుగవలెను. బాలుడు నేలపై పట్టాలు పఱచి కూర్చుండగానే తల్లి చీపురుతో వచ్చును. తండ్రి సైకిలును లోపలికి తెచ్చును. చెల్లెలు పరుగెత్తుచు వచ్చును. పట్టాలు విప్పి పెట్టెలో సర్దుట, అటకపై నుంచుట, మరల దింపుట, ఒక ముక్క విఱుగుట, ఒక చక్రము కనబడకపోవుట, ఇట్లు రెండు మాసములు గడచునప్పటికి ఆ రైలు అటకమీదనే స్థిరపడును. ఇందు బాలునిగాని తల్లినిగాని నిందింప పనిలేదు. లోపమంతయు చోటులోనిది.

చోటు లేనిచోట చోటు కల్పించు ఉపాయ మొకటి కలదు. ముందుగదిలో కుర్చీల నడుమ ఒక పొట్టి బల్ల ఎట్లును ఉండవలసినదే. దాని పైపలకకు మాఱుగా అద్దమును, అద్దము క్రింద లోతైన పెట్టెను అమర్చి, ఆ పెట్టెలో పట్టాలు పఱచినచో, పైన కాఫీ గ్లాసులును వార్తాపత్రికలును, క్రింద కొండలును లోయలును రైలుబండియు నుండును. నేలమీద ఒక్క జానెడు చోటైనను అదనముగా పోదు. కాని యీ పనికి ఒక నియమము కలదు. అది మొదట బల్ల, పిమ్మటనే రైలు. బల్లగా అది ఊగినను, ఎత్తు కుదరకపోయినను, మీద గ్లాసు పెట్టుటకు భయము కలిగినను, లోపలి రైలు ఎంత చక్కనిదైనను ఆ యింట నిలువదు. ఈ క్రింది కొలతలన్నియు ఈ నియమమునుండి పుట్టినవే.

పూర్వపు ఉదాహరణములు

చిన్నరైళ్లకు కొలతలు ఏర్పడి నూఱేండ్లు దాటినది. జర్మనీ దేశపు మార్క్లిన్ సంస్థవారు 1891వ సంవత్సరమున లైప్సిగ్ సంతలో నియమితమైన వెడల్పుగల పట్టాలతో, కీ ఇచ్చి నడపు బండ్లను ప్రదర్శించిరి. పట్టాల ముక్కలను కొని కలుపుకొనుచు దారిని క్రమముగా పెంచుకొను వీలు దానితో కలిగెను. తొలినాటి బండ్లు పెద్దవి. వాని పట్టాల నడుమ 45 మిల్లీమీటర్లుగాని అంతకు మించిగాని యెడముండెడిది. వానికి విశాలమైన గదియో తోటయో కావలసెను. 1922లో బింగ్, బాసెట్ లోక్ సంస్థలవారు సుమారు 16 మిల్లీమీటర్ల యెడముగల రైలును తెచ్చి, దానికి బల్లమీది రైలు అనియే పేరిడిరి. 1960 దశకమున 9 మిల్లీమీటర్ల దారి వ్యాపించెను. 1972లో మార్క్లిన్ వారే 6.5 మిల్లీమీటర్ల దారిని వెలువరించిరి. ఇండ్లు చిన్నవగు కొలది బండ్లును చిన్నవైనవన్నమాట.

గృహోపకరణమునందే రైలును నడపిన ప్రసిద్ధోదాహరణము మన దేశమునందే కలదు. గ్వాలియరు మహారాజు మాధవరావు సింధియాగారి జయవిలాస ప్రాసాదములో భోజనపు బల్లపై పట్టాలు పఱచి, వెండి రైలుబండిని విద్యుచ్ఛక్తిచే నడపించెడివారు. దాని పెట్టెలపై సింధియా అను పేరులోని ఇంగ్లీషు అక్షరములు ఒక్కొక్కటిగా నుండును. పెట్టెలలోని గాజుపాత్రలను అతిథి యెత్తినంతనే బండి ఆగును. తిరిగి యుంచినంతనే కదలును. అది రాజగృహపు వేడుక. మనకు వెండి అక్కఱలేదు. అందు తిరిగిన మద్యపాత్రలు అంతకంటెను అక్కఱలేదు. ఐనను మనము గ్రహింపదగిన దొకటి అందున్నది. ఆ రైలు బల్లను ఆక్రమింపలేదు. భోజనమునకు కూర్చున్నవారికి వస్తువులనందించి బల్లకు సేవ చేసినది.

పుణె నగరమున భావూసాహెబు జోషిగారి చిన్నరైళ్ల ప్రదర్శనశాల 1998లో తెఱవబడినది. రైళ్లతోపాటు ఊరు, రోడ్లు, కొండలు గల నగరము అందు కలదు. అక్కడికి పోవు అవకాశము కలిగినవారు తప్పక చూడవలెను. అయితే అది ప్రదర్శనశాలకు తగిన నిర్మాణము. మన యింటికి తగినది వేఱు.

ఏ దారిని ఎన్నుకొనవలెను?

అంగడిలో దొరకు చిత్రములలోని మంచుకొండలను, విదేశపు పల్లెలను అనుకరింప పనిలేదు. మన దారియే మిక్కిలి రమ్యమైనది. దీనిని సదరన్ మరాఠా రైల్వేవారు 1880 దశకమున నిర్మించిరి. 1890 నాటికి బెజవాడనుండి గుంతకల్లు మీదుగా పడమటి తీరమందలి మర్మగోవా వఱకు మీటరుగేజి దారి కలిసెను. 1908లో ఆ సంస్థ మద్రాసు రైల్వేతో కలిసి మద్రాసు అండ్ సదరన్ మరాఠా రైల్వే ఆయెను. 1951లో అది దక్షిణ రైల్వేలో చేరెను. నేడీ దారి 2003లో ఏర్పడిన గుంటూరు డివిజనులో నున్నది.

మీటరుగేజి యనగా రెండు పట్టాల నడుమ సరిగా ఒక మీటరు యెడముగల దారి. 1990 దశకమున దీనిని 1676 మిల్లీమీటర్ల బ్రాడుగేజిగా మార్చిరి. ఇప్పుడు విద్యుత్ ఇంజనులు నడచుచున్నవి. ఈ మార్పువలన ప్రయాణము వేగవంతమై, దూరపు బండ్లు నేరుగా వచ్చుచున్నవి, ఇది మేలే. కాని నల్లమలలో పాతదారి కొంత విడువబడినది. బొగద సొరంగపు ప్రాంతమున దొరబావి లోయపై నున్న ఎత్తైన పాత వంతెనమీద బండ్లు నడుచుట ఆగిపోయినది. మరాఠీ భాషలో బొగదా అనగా సొరంగమే. అడవిలోని ఆ స్థలముపేరు పలికినపుడెల్ల, కొండను తొలిచిన పని జ్ఞప్తికి వచ్చును.

నేడు మన పాఠశాలలో చదువు బాలబాలికలలో ఎవ్వరును ఆ వంతెనపై మీటరుగేజి బండిలో పోయినవారు కారు. తాతలు, అవ్వలు పోయినవారు. కావున మన బల్లలోనికి ఎన్నుకొనదగినవి మూడే: దిగువమెట్టవంటి ఒక చిన్న స్టేషను, ఒక సొరంగము, లోయపై ఒక వంతెన. ఇంతకు మించి కంభము చెఱువును, మార్కాపురము గోపురమును, గిద్దలూరు బజారును కూడ ఇఱికించినచో ఏదియు సరిగా కనబడదు.

నిష్పత్తి

అంగళ్లలో దొరకు పట్టాలలో 9 మిల్లీమీటర్ల యెడముగలవి బల్లకు అనుకూలములు. నిజమైన మీటరుగేజి యెడము 1000 మిల్లీమీటర్లు. దానిని 9చే భాగించినచో 111 వచ్చును. అనగా మన బల్లలో ప్రతి వస్తువును నిజమైన కొలతలో 111వ వంతుగా నుండవలెను. అయిదున్నర అడుగుల మనుష్యుడు ఒకటిన్నర సెంటీమీటరగును. మూడున్నర మీటర్ల యెత్తుగల రైలుపెట్టె 3.2 సెంటీమీటర్లగును.

ఇక్కడ నొక చిక్కు కలదు. విదేశములలో ఈ 9 మిల్లీమీటర్ల పట్టాలకై చేసిన బండ్లు 1435 మిల్లీమీటర్ల దారికి నమూనాలు. కావున అవి 160వ వంతు కొలతను చేయబడినవి. మన లెక్కకు అవి మఱీ చిన్నవి. అందుచేత అంగడిలో కొన్న బండినుండి చక్రములను, మోటారును మాత్రము ఉంచుకొని, పై భాగమును దళసరి అట్టతో మనమే 111వ వంతు కొలతను చేసికొనవలెను. మీటరుగేజిపై పేరుపొందిన వై.పి. తరగతి ప్రయాణికుల యింజనుకు ముందు నాలుగు చిన్న చక్రములు, నడుమ ఆఱు పెద్ద చక్రములు, వెనుక రెండు చక్రములు ఉండును. వై.జి. తరగతి సరకుల యింజనుకు ముందు రెండు, నడుమ ఎనిమిది, వెనుక రెండు. చిత్రములలో చక్రములు లెక్కించినచో ఏ యింజనో సులభముగా తెలియును.

నేటి బ్రాడుగేజిని చేయగోరువారు 16.5 మిల్లీమీటర్ల పట్టాలు కొనవచ్చును. 1676ను 16.5చే భాగించినచో సుమారు 100 వచ్చును. లెక్కకు సులభమైన నిష్పత్తి. కాని ఆ పట్టాలకు వంపు పెద్దదిగా నుండవలెను గాన పొట్టి బల్ల చాలదు.

అన్ని కొలతలను 111చే భాగించుట కూడ సాధ్యము కాదు. ఒక కిలోమీటరు పొడవుగల సొరంగము ఈ లెక్కను 9 మీటర్లగును. అది గోడలు దాటి ప్రక్కయింటిలోనికి పోవును! రైలుపెట్టె పొడవు ఇరువది మీటర్లకు కొంచెము తక్కువ. అది సుమారు 18 సెంటీమీటర్లగును. అంత పొడవైన పెట్టె చిన్న వంపులో తిరుగునపుడు దాని నడుము పట్టాలకు 8 మిల్లీమీటర్లు లోపలికి జరుగును. చూచుటకు వికారముగా నుండును. పెట్టెను 12 సెంటీమీటర్లకు కుదించినచో ఆ జరుగుబాటు సగమునకు తగ్గును. కావున పొడవులను తగ్గింపవచ్చును. ఎత్తు వెడల్పులను మార్పరాదు. మనుష్యునకు తలుపునకు గల పొంతన చెడినంతనే కన్ను మోసమును పట్టుకొనును. పెట్టె నాలుగు కిటికీలు పొట్టిదైనను పట్టుకొనదు.

బల్ల

బల్ల పొడవు 120 సెంటీమీటర్లు, వెడల్పు 60, ఎత్తు 45గా నుండిన కుర్చీల నడుమ చక్కగా అమరును. ప్రక్కపలకలకు 18 మిల్లీమీటర్ల దళసరి ప్లైవుడ్డు, అడుగునకు 12 మిల్లీమీటర్లది చాలును. ఒంటిపలక కఱ్ఱ వానకాలమున ఉబ్బి వేసవిని కుంచించుకొనును, పొరలను అడ్డముగా నిలువుగా అతికిన ప్లైవుడ్డు అంతగా కదలదు, పట్టాలు వంకరపోవు. కాళ్లకు టేకు మంచిది. వడ్రంగివద్ద మిగిలిన ముక్కలు నాలుగు కాళ్లకు సరిపోవును. కాళ్ల అడుగుభాగములకు చెదలమందు పూయింపవలెను. ఆ పని పెద్దలే చేయవలెను.

పెట్టె లోపలి లోతు 19 సెంటీమీటర్లుండవలెను. అందు పట్టాలను అడుగునుండి 12 సెంటీమీటర్ల యెత్తున నిలుపవలెను. పైన 7 సెంటీమీటర్లు బండికిని కొండకును, క్రింద 12 సెంటీమీటర్లు లోయకును లభించును. క్రొత్తవారు వంతెన కావలెనని పట్టాలను పైకెత్తుదురు. దారిమీదుగా మఱొక దారి పోవలెనన్న కనీసము 5 సెంటీమీటర్లు ఎక్కవలెను. 25కు ఒకటి చొప్పున ఎక్కినను దానికి 125 సెంటీమీటర్ల పొడవు కావలెను. బల్ల చుట్టుదారిలో సగము ఎక్కుటకే సరిపోవును, దిగుటకు మిగిలిన సగము, స్టేషనుకు చోటుండదు. కావున పట్టాలను సమమట్టమున నుంచి, వాని క్రింద నేలనే లోతుగా దింపవలెను. అప్పుడు వంతెన దానంతట అదే యెత్తైనదగును.

పట్టాల వంపునకు అర్ధవ్యాసము 22.5 సెంటీమీటర్లు. అనగా వలయపు వెడల్పు 45. లోపలి వెడల్పు 56 గాన ఇరుప్రక్కల అయిదేసి సెంటీమీటర్లకు పైగా మిగులును. రెండు వంపుల నడుమ 60 సెంటీమీటర్ల తిన్నని దారులు రెండు వచ్చును. మొత్తము దారి 261 సెంటీమీటర్లు. ముందుప్రక్క తిన్నని దారిపై స్టేషను, వెనుకప్రక్క లోయయు వంతెనయు, కుడి వంపుపై కొండయు సొరంగమును ఉంచవలెను. ముందుప్రక్క పలకను బందులతో బిగించి క్రిందికి వాలునట్లు చేసినచో, బండి పట్టా తప్పినపుడు అద్దము తీయకయే చేయి పెట్టవచ్చును. కొండను అతికింపక మూతవలె ఎత్తుటకు వీలుగా నుంచవలెను. ఏలయన బండి పట్టా తప్పుట తఱచుగా చేయి అందని సొరంగములోనే జరుగును.

అద్దము

బల్ల పైకప్పునకు 8 మిల్లీమీటర్ల దళసరి గట్టిపఱచిన అద్దమునే వాడవలెను. సామాన్యమైన అద్దము పగిలినపుడు కత్తులవంటి ముక్కలగును. గట్టిపఱచినది చిన్న చిన్న పలుకులగును. గట్టిపఱచిన పిమ్మట అద్దమును కోయుట సాధ్యము కాదు. కావున బల్ల పూర్తియైన తరువాత, చట్రమును కొలిచి, ఆ కొలతకు కోయించి, అంచులు నున్నగా అరగదీయించి, ఆ పిమ్మట గట్టిపఱపించవలెను.

దాని బరువును ముందుగానే లెక్కింపవచ్చును. అద్దము నీటికి రెండున్నర రెట్లు బరువు. 120, 60, 0.8 సెంటీమీటర్లను హెచ్చించినచో 5760 ఘన సెంటీమీటర్లు. దానిని రెండున్నరచే హెచ్చించిన 14,400 గ్రాములు, అనగా 14.4 కిలోలు. బాలు డొక్కడు దీనిని ఎత్తుటకు పూనుకొనరాదు. ఇద్దఱు పెద్దలు ఎత్తవలెను. కఱ్ఱ, కాళ్లు, కొండలు కలిసి బల్ల మొత్తము సుమారు 35 కిలోలగును. అంత బరువునకు కాళ్లను మేకులతో గాక మరలతోను అడ్డకఱ్ఱలతోను బిగింపవలెను.

అద్దము దుమ్మును ఆపును. మన వేసవి గాలులలో ఇది గొప్ప ఉపకారము. కాని ఎండ నేరుగా పడినచో మూసిన పెట్టె లోపల వేడి నిలిచి అట్టలు వంగిపోవును. బల్లను కిటికీ యెండకు దూరముగా నుంచి, ప్రక్కపలకలలో చిన్న రంధ్రములు తొలిచి, లోపలినుండి సన్నని జల్లెడగుడ్డ అతికింపవలెను.

కొండయు లోయయు

ఈ పనికి కావలసిన ముడిసరకు మన యూరిలోనే ఉన్నది. మార్కాపురము పలకలకు ప్రసిద్ధి గాంచినది. పలకఱాయి పొరలు పొరలుగా విడివడును. విఱిగిన అంచు చూచుటకు కొండచఱియవలె నుండును. నల్లమల పర్వతములు ప్రధానముగా పలకఱాయి జాతి శిలలతోను క్వార్ట్జైటు అను గట్టి శిలతోను ఏర్పడినవి. భూగర్భశాస్త్రజ్ఞులు ఆ పలకఱాయి వరుసకు కంభము పేరే పెట్టిరి. కావున పగిలిన పలకముక్కలతో కొండచఱియను అమర్చు విద్యార్థి, నల్లమల వరుసల రాతితోనే నల్లమలను చేసినవాడగును. కొండ లోపలిభాగమును తేలికగా నుంచుటకు వెదురు దబ్బల చట్రముపై పాత పత్రికలను గంజితో అతికి, పైపొరకు మాత్రము పలక పెంకులు వాడవలెను.

పట్టాల నడుమ పోయు కంకరకు టీ వడపోత జల్లెడలో జల్లించిన ఇసుక చాలును. నిజమైన కంకఱాయి 5 సెంటీమీటర్లైన మన లెక్కకు అది అర మిల్లీమీటరు లోపు. తుమ్మబంకను నీటిలో కరగించి చుక్కలుగా వేసినచో ఇసుక నిలుచును. ఎండిన నేతిబీరపీచును ముక్కలుగా చించి, ఆకుపచ్చ రంగులో ముంచి, పుల్లలకు గ్రుచ్చినచో చెట్లగును. ఇరువది మీటర్ల టేకుచెట్టు మన లెక్కకు 18 సెంటీమీటర్లు. స్టేషను ప్రక్క నాటినచో అద్దమును తాకును. పెద్దచెట్లను లోయలో నాటి, వాని తలలు వంతెన మట్టమునకు వచ్చునట్లు చేయవలెను. లోయ యెంత లోతో అప్పుడే చూపఱకు తెలియును.

విద్యుత్తు

ఈ బండి 12 వోల్టుల ఏకముఖ విద్యుత్తుతో నడచును. గోడకు తగిలించు అడాప్టరులోనే ఇంటి విద్యుత్తు తగ్గి 12 వోల్టులగును. ఇంటి విద్యుత్తు తీగ ఎన్నడును బల్లలోనికి రాకూడదు. 12 వోల్టుల తీగ మాత్రమే రావలెను. ఒక పట్టాకు ధనము, రెండవదానికి ఋణము కలిపినచో, చక్రముల ద్వారా మోటారునకు శక్తి చేరును. వోల్టులు తగ్గించిన వేగము తగ్గును. రెండు తీగలను తారుమారు చేసిన బండి వెనుకకు నడచును. పట్టాల అతుకులవద్ద శక్తి కొంత సన్నగిల్లును గాన, దూరపు ప్రక్కన మఱొక జత తీగలను అతికింపవలెను. లోపలి పట్టాకు లోపలిదే, వెలుపలి పట్టాకు వెలుపలిదే చేరునట్లు జాగ్రత్తపడవలెను.

పట్టాలు వేడికి సాగును. 25 డిగ్రీల మార్పునకు ఒక మీటరు పట్టా సుమారు అర మిల్లీమీటరు పెరుగును. కావున మూడు నాలుగు అతుకులవద్ద వెండ్రుకవాసి సందు విడువవలెను. లేనిచో మే మాసమున పట్టా వంగి బండి పడిపోవును. నిజమైన దారికిని ఇదే సూత్రము.

వేగమును గూర్చి ఒక మాట. గంటకు 40 కిలోమీటర్లు పోవు బండి మన లెక్కకు సెకనుకు 10 సెంటీమీటర్లు పోవలెను. అనగా బల్లను ఒకమాఱు చుట్టుటకు 26 సెకనులు. బాలురు సాధారణముగా దీనికి నాలుగు రెట్లు నడుపుదురు. అది గంటకు 160 కిలోమీటర్ల వేగమైనట్లు! మీటరుగేజి బండి ఏదియు ఘాటులో అట్లు పరుగెత్తలేదు. గడియారము ముందుంచుకొని నెమ్మదిగా నడుపుట నేర్చిననే బండి నిజమైనదిగా కనబడును.

పనియొక్క క్రమము

గోపురము కట్టగోరువాడు ముందుగా కూర్చుండి వ్యయమును లెక్కించుకొనవలెనని ప్రభువు చెప్పిన ఉపమానము మనకందఱకు తెలిసినదే. ఈ చిన్న పనికిని అది వర్తించును. మొదట బల్లను పూర్తిచేయుడు. అద్దము బిగించి, ఒక మాసము దానిని వట్టి బల్లగానే ఇంటివారిచే వాడింపుడు. పెద్దవారు దానిపై చేయి ఆనించి లేచునపుడు ఊగుచున్నదా, కూర్చున్నవారి మోకాళ్లకు తగులుచున్నదా, తుడుచుటకు అనుకూలముగా నున్నదా తెలియును. తల్లిదండ్రులు దానిని తమ బల్లగా ఒప్పుకొనిన పిమ్మట పట్టాలు పఱువుడు. వట్టి పట్టాలపై బండిని రెండు వారములు నడిపి, తప్పులన్నియు సరిచేసి, ఆ పిమ్మటనే కొండలు కట్టుడు. డబ్బు చాలక పని నడుమ ఆగినను, చదువునకై మీరు దూరపుటూరికి పోయినను, ఇంట ఒక మంచి బల్ల మిగులును. ఏ దశలోను అది వ్యర్థపదార్థము కాదు.

కొలతలు పుస్తకములలో దొరకును. పాత ఘాటుదారి ఎట్లుండెనో మాత్రము పెద్దలను అడిగియే తెలిసికొనవలెను. రైలుపెట్టెల రంగేమి? ఇంజను నీరు పట్టుకొనుచోట ఎంతసేపు ఆగెడిది? సొరంగములో ప్రవేశించునపుడు కిటికీలు ఎవరు మూసెడివారు? వంతెనమీద బండి పోవునపుడు పెట్టెలోనివారు ఏమి చేసెడివారు? దారిమీద పనిచేసిన గ్యాంగు కూలీలు, స్టేషనులలో దీపములు పెట్టినవారు, అడవి మీదుగా పెండ్లిండ్లకు ప్రయాణము చేసిన అవ్వలు ఇంకను మన యూళ్లలో నున్నారు. దారి మాఱి ముప్పది యేండ్లకు చేరువైనది. వారి సంఖ్య ఏటేట తగ్గుచున్నది. కొండను ఎప్పుడైనను కట్టవచ్చును. ఈ ప్రశ్నలను మాత్రము ఈ వేసవి సెలవులలోనే అడిగి, జవాబులను ఒక నోటుపుస్తకమున వ్రాసికొని, ఆ పుస్తకమును బల్ల సొరుగులో భద్రపఱుపవలెను.

అట్టి బల్ల ముందుగదిలో నున్నచో, ఇంటికి వచ్చిన వృద్ధబంధువు కాఫీ గ్లాసును ప్రక్కకు జరిపి, అద్దముగుండ చూచి, ఆ వంతెన ఆవలి స్తంభమువద్ద ఏమి యుండెడిదో తప్పక చెప్పును. వెంటనే వ్రాసికొని దిద్దుకొనుడు. వచ్చు సంవత్సరపు పాఠశాల ప్రదర్శనమునకు ఇట్టి బల్ల ఒక్కటియైనను, దానితోపాటు ఆ నోటుపుస్తకమును, మన విద్యార్థులు తీసికొని రాగలరని ఆశించుచున్నాము.